తెరమీద తెగిన గీత కాగితం మీద అతుక్కుంటే...

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. క్యాడ్ డ్రాయింగుల్లో డాష్ లైన్లు (మనవాళ్ళు చాలామంది డాటెడ్ లైన్లనే అంటారు లెండి) ప్రింటుకొచ్చేసరికి నిండుగీతలైపోయే సమస్య ఒకటుంది. దాన్ని అందరూ ‘సెట్టింగుల గొడవ’ అని తేల్చేస్తారు. నా లెక్కలో అది సెట్టింగుల గొడవ కాదు. ఏ ఫైలుకి ఎవరు బాధ్యులో ముందుగా మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చే గొడవ. అది మాట్లాడుకోనంత కాలం ఈ రోజు బాగుచేసిన షీటు వచ్చేవారం మళ్ళీ చెడుతుంది.

నేను చదివింది మెకానికల్, చేస్తున్నది సాఫ్ట్‌వేరు. (మన దగ్గర ఇదేం వింత కాదు కదా!) నా పని క్యాడ్ సాఫ్ట్‌వేరుకి అదనపు పనిముట్లు రాయడం. ముఖ్యంగా వందల షీట్లని రాత్రికి రాత్రి పీడీఎఫ్ చేసి పెట్టే ప్రోగ్రాములు. అందుకని ఈ గీతల గోల నా దాకా వస్తూనే ఉంటుంది. “అన్నా, స్క్రీన్ మీద బానే ఉందన్నా, నీ ప్రోగ్రాము ప్రింటు తీస్తేనే పోతోంది” అని. ప్రింటు తీసినవాడిదే తప్పు అన్నట్టు!

ఇంతకీ గీత తెగితే ఏంటి, అతుక్కుంటే ఏంటి అనే సందేహం క్యాడ్ తెలియనివాళ్ళకి వస్తుంది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం గుర్తు తెచ్చుకోండి. ఎన్.డి. భట్ పుస్తకం, మినీ డ్రాఫ్టరు, రెండు రకాల పెన్సిళ్ళు. కనిపించే అంచుకి నిండుగీత, వెనక దాగిన అంచుకి డాష్ గీత, మధ్యరేఖకి పొడుగు పొట్టి గీత. భారతీయ ప్రమాణాల సంస్థ వేసిన ఎస్పీ 46 పుస్తకంలో ఈ గీతలకి ఎ నుంచి కె దాకా అక్షరాలు పెట్టి మరీ పట్టిక ఇచ్చారు. అంటే డ్రాయింగులో గీత అలంకారం కాదు, అది అక్షరం. ‘క’ని ‘గ’ అని అచ్చేస్తే మాట మారిపోయినట్టే, డాష్ గీతని నిండుగీతగా అచ్చేస్తే గోడ అర్థం మారిపోతుంది.

ఉదాహరణకి పాత భవనాన్ని మార్చే పని తీసుకోండి. మన దగ్గర నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం మునిసిపాలిటీకి ఇచ్చే ప్లానులో పడగొట్టే భాగాన్ని పసుపు రంగుతో చూపిస్తారు. కాబట్టి గీత పోయినా రంగు కాపాడుతుంది. అమెరికా నుంచి మన హైదరాబాద్ ఆఫీసులకొచ్చే డ్రాయింగులు మామూలుగా నలుపూ తెలుపే. అక్కడ పడగొట్టే గోడని డాష్ గీతతో, ఉంచే గోడని నిండుగీతతో చూపించడం అలవాటు. రెండూ ఒకేలా అచ్చయ్యాయనుకోండి, సైటులో ఉన్నవాడికి మీ లేయరు పేరు కనపడదు, మీ లైన్‌టైపు పేరు కనపడదు. వాడి చేతిలో ఉన్నది కాగితం, అందులో ఉన్నది నల్లగీత. అడగాలనే అనుమానం కూడా రాదు, ఎందుకంటే చూడ్డానికి డ్రాయింగు ఎక్కడా చెడిపోయినట్టుండదు. నన్ను భయపెట్టేది అదే. ప్రోగ్రాము ఆగిపోతే అందరికీ తెలుస్తుంది. తప్పు జవాబుని చక్కగా చెప్పే ప్రోగ్రాము ఉందే, అదండీ ప్రమాదం.

సరే, అసలు గీత ఎందుకు అతుక్కుంటుందో చూద్దాం. ఆటోకాడ్‌నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎక్కువమంది వాడేది అదే కాబట్టి.

లైన్‌టైపు అంటే ఒక చిన్న లెక్క. ‘హిడెన్’ అనే లైన్‌టైపు తీసుకుంటే, అంగుళాల ఫైల్లో (అకాడ్ డాట్ లిన్) దాని నమూనా: 0.25 గీత, 0.125 ఖాళీ. మెట్రిక్ ఫైల్లో (అకాడ్‌ఐసో డాట్ లిన్) అదే పేరుతో 6.35 గీత, 3.175 ఖాళీ. పేరు ఒకటే, కొలత 25.4 రెట్లు తేడా. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం. ఈ నమూనాని ఎల్‌టీస్కేల్ అనే ఒక అంకెతో గుణిస్తారు, అది డ్రాయింగు మొత్తానికీ ఒకటే. ఆ వచ్చినదాన్ని ఆ గీతకి మాత్రమే ఉన్న సొంత స్కేలుతో మళ్ళీ గుణిస్తారు. అదీ అసలు పొడవు.

ఇప్పుడు ప్లానుని మిల్లీమీటర్లలో గీశాం, 1:100 లో అచ్చేస్తున్నాం అనుకుందాం. ఎల్‌టీస్కేల్ 1 ఉంది. పీఎస్‌ఎల్‌టీస్కేల్ అనే మరో మీట 0 లో ఉంది. అప్పుడు 6.35 మిల్లీమీటర్ల గీత కాగితం మీద నూరోవంతు అవుతుంది: 0.0635 మిల్లీమీటర్లు. ఖాళీ ఇంకా సగం, 0.03. పెన్ను మందమే 0.25 మిల్లీమీటర్లు. ఇంక ఖాళీ ఎక్కడ కనపడుతుంది? నిండుగీత.

ఇది చూసి పాతకాలం పద్ధతి తెలిసిన సీనియరు ఎల్‌టీస్కేల్ 100 చేస్తాడు. ఆ పద్ధతిలో అది సరైనదే, గీత కాగితం మీద 6.35 గా వస్తుంది. కానీ అదే షీటులో పక్కనే 1:20 లో ఒక డీటెయిల్ ఉందనుకోండి, అక్కడ గీత 31.75 మిల్లీమీటర్లవుతుంది. అందుకే పీఎస్‌ఎల్‌టీస్కేల్ పెట్టారు. దాన్ని 1 చేస్తే ప్రతి వ్యూపోర్టూ తన స్కేలుకి తగ్గట్టు సర్దుకుని, 1:100 అయినా 1:20 అయినా కాగితం మీద ఒకే పొడవు చూపిస్తుంది. ఇది బ్రహ్మాండమైన మీట. కాకపోతే ఇప్పుడెవరో దాన్ని 1 చేసి, ఎల్‌టీస్కేల్‌ని 100 లోనే వదిలేశారనుకోండి. గీత కాగితం మీద 635 మిల్లీమీటర్లు! ఏ1 షీటు మొత్తం పొడవే 841. గీతలో ఒక్క నమూనా కూడా పట్టకపోతే ఆటోకాడ్ ఏం చేస్తుందంటే, ఆ చివర నుంచి ఈ చివరకి నిండుగీత గీసేస్తుంది.

చూశారా చిత్రం? నమూనా మరీ చిన్నదైనా నిండుగీతే, మరీ పెద్దదైనా నిండుగీతే. చలిజ్వరానికీ వడదెబ్బకీ ఒంటి వేడే లక్షణమైనట్టు. రోగం ఏదో తెలుసుకోకుండా కంబళి కప్పితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతోంది. ఎల్‌టీస్కేల్‌ని పైకీ కిందకీ తిప్పుతూ, ఏదో ఒక అంకె దగ్గర “ఆఁ, కనపడింది” అని ఆగిపోవడం. ఆ అంకె 37.5 అయినా సరే.

ఒక్క ఫైలుతోనే ఇంత ఉంటే, ఎక్స్‌రెఫ్‌లు కలిస్తే అసలు కథ మొదలవుతుంది. తెలియనివాళ్ళ కోసం: పెద్ద భవనాన్ని ఒక్క ఫైల్లో గీయరు. ఆర్కిటెక్టుది ఒక ఫైలు, స్ట్రక్చరల్ వాళ్ళదొకటి, ప్లంబింగుదొకటి. ప్లంబింగువాడు ఆర్కిటెక్టు ఫైలుని కాపీ కొట్టకుండా, తన డ్రాయింగు అడుగున రెఫరెన్సుగా పెట్టుకుంటాడు. ఆర్కిటెక్టు రేపు గోడ జరిపితే ఇక్కడా జరుగుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు లైబ్రరీని వాడుకోవడం లాంటిదే అనుకోండి. 1990లో ఆటోకాడ్ రిలీజ్ 11 తో వచ్చిన సదుపాయం ఇది. ఆ రిలీజులోనే పేపర్ స్పేసూ వచ్చింది. అంతకుముందు ఒక ఫైలు, ఒక షీటు, ఒక స్కేలు అనుకున్న ప్రపంచంలో ఎల్‌టీస్కేల్ ఒక్కటే ఉంటే సరిపోయేది. ఫైల్లో ఫైలు, షీటులో నాలుగు స్కేళ్ళు వచ్చాక ఒక్క అంకె సరిపోదు. మా భాషలో చెప్పాలంటే అదొక గ్లోబల్ వేరియబుల్. గ్లోబల్ వేరియబుల్ ఉన్న చోట ఏమేం జరుగుతాయో తోటి ప్రోగ్రామర్లకి నేను చెప్పక్కర్లేదు.

ఎక్స్‌రెఫ్‌లో ఎవరి మాట చెల్లుతుందో నాలుగు ముక్కల్లో చెప్తాను. ఇది తెలిస్తే సగం సమస్య తీరినట్టే.

ఒకటి, గీత నమూనా అతిథిది. ఆర్కిటెక్టు ఫైల్లోని ‘హిడెన్’ మన ‘హిడెన్’తో కలవదు. ఫైలుపేరు, నిలువుగీత, లైన్‌టైపు పేరు, ఇలా ఇంటిపేరు తగిలించుకుని విడిగా వస్తుంది.

రెండు, స్కేలు ఇంటివాడిది. అతిథి ఫైల్లో ఎల్‌టీస్కేల్ ఎంత పెట్టుకున్నా ఇక్కడ చెల్లదు. మన ఫైల్లోని ఎల్‌టీస్కేలే, మన లేఅవుటులోని పీఎస్‌ఎల్‌టీస్కేలే అందరికీ వర్తిస్తాయి.

మూడు, లేయరుకిచ్చిన లైన్‌టైపు ఎవరిదో విజ్‌రిటైన్ అనే మీట చెప్తుంది. అది 1 లో ఉంటే మన ఫైల్లో ఆ లేయరుకి ఇదివరకు దాచుకున్న గుణాలే గెలుస్తాయి. అక్కడివాళ్ళు తమ ఫైల్లో ఆ లేయరు లైన్‌టైపుని దిద్ది పంపినా మనకి పాతదే కనపడుతుంది. “మేం సరిచేసి పంపాం” అని వాళ్ళు, “మాకు రాలేదు” అని వీళ్ళు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు పాపం.

నాలుగు, లేయరుతో సంబంధం లేకుండా ఒక్కో గీతకి నేరుగా ఇచ్చిన లైన్‌టైపు, సొంత స్కేలు ఆ ఫైలువాడి చేతుల్లోనే ఉంటాయి. మన లేయరు పట్టికలో ఎంత మార్చినా కదలవు. (ఈమధ్య వెర్షన్లలో ఎక్స్‌రెఫ్‌ఓవర్‌రైడ్ అనే మీట ఉంది, దాన్ని 1 చేస్తే అతిథి గీతల్ని కూడా బైలేయరుగా చూస్తుంది. సొంత స్కేలుకి మాత్రం దాన్ని నమ్ముకోకండి.)

ఇప్పుడు ఇందాకటి 25.4 దగ్గరకొద్దాం. ఒక కన్సల్టెంటు మిల్లీమీటర్లలోనే గీశాడు, కానీ ఫైలుని అంగుళాల టెంప్లేటుతో మొదలుపెట్టాడు. దాంతో మెజర్‌మెంట్ అనే సెట్టింగు 0 అయింది, లైన్‌టైపులు అంగుళాల ఫైలు నుంచి ఎక్కాయి. మనదేమో మెట్రిక్. పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1, ఎల్‌టీస్కేల్ 1. మన హిడెన్ కాగితం మీద 6.35 మిల్లీమీటర్లు, బంగారంలా ఉంది. అతని హిడెన్ 0.25 మిల్లీమీటర్లు, ఖాళీ 0.125. పెన్ను మందానికే ఖాళీ పూడుకుపోయింది. అతని కోసం ఎల్‌టీస్కేల్ 25.4 చేస్తే అతనిది బాగుపడుతుంది, మనది 161 మిల్లీమీటర్లవుతుంది. అంటే మన డ్రాయింగులో ఏ అంకె పెట్టినా ఇద్దరికీ కుదరదు. జవాబు మన ఫైల్లో లేదు, అతని ఫైల్లో ఉంది: మెజర్‌మెంట్ 1 చేసి, ఆ లైన్‌టైపుల్ని మెట్రిక్ ఫైలు నుంచి మళ్ళీ లోడ్ చేయాలి. మీట ఒక్కటి మారిస్తే ముందే ఎక్కిన లైన్‌టైపులు మారవు, మళ్ళీ లోడ్ చెయ్యాల్సిందే.

నేను వెతికే వరస ఇది. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. సూత్రం ఒకటే: ఏదీ మార్చకముందు, పాడైంది ఎంతమేరో తేల్చుకోవాలి.

ముందు స్క్రీన్ సంగతి పక్కనపెట్టి అసలు కొలతలో పీడీఎఫ్ తీసి చూడండి. తర్వాత మన ఫైల్లో, మోడల్లో, హిడెన్ లైన్‌టైపుతో ఒక కొత్త గీత గీసి లేఅవుటులోంచి చూడండి. గీసేముందు సీఈఎల్‌టీస్కేల్ 1 ఉందో లేదో చూసుకోవాలి. అది కొత్తగా గీసే ప్రతి గీతకీ సొంత స్కేలుగా అంటుకుంటుంది. ఎవరో ఎప్పుడో ఒక్క గీత కోసం 50 చేసి వదిలేస్తే, ఆ తర్వాత గీసినవన్నీ ఆ 50ని మోసుకు తిరుగుతాయి.

కొత్త గీత కూడా పాడైతే తప్పు మన ఎల్‌టీస్కేల్, పీఎస్‌ఎల్‌టీస్కేల్‌లలో ఉంది. ఒక్క లేఅవుటులోనే పాడైతే పీఎస్‌ఎల్‌టీస్కేల్ చూడండి, అది లేఅవుటు లేఅవుటుకీ వేరుగా దాచబడుతుంది. ఒక లేఅవుటులో మార్చి అన్నిటికీ మారిందనుకోవడం మామూలుగా జరిగేదే. మార్చాక రీజెన్‌ఆల్ కొట్టకపోతే మార్పు కనపడదు, అది చూసి “ఇది కాదులే” అని ఇంకేదో కెలుకుతారు.

కొత్త గీత బాగుండి, ఒక్క ఎక్స్‌రెఫ్ గీతలన్నీ పాడైతే ఆ ఫైలుని విడిగా తెరిచి లైన్‌టైపు నమూనా, మెజర్‌మెంట్ చూడండి. ఆ ఎక్స్‌రెఫ్‌లో ఒక్క లేయరే పాడైతే, అసలు ఫైల్లో ఆ లేయరు లైన్‌టైపునీ మన ఫైల్లో దాచుకున్నదాన్నీ పోల్చండి, విజ్‌రిటైన్ కథ అయ్యుంటుంది. ఒకే లేయరులో కొన్ని గీతలే పాడైతే వాటి సొంత స్కేలు చూడండి. అవి పాలీలైన్లయితే ప్లైన్‌జెన్ చూడండి. అది 0 లో ఉంటే పాలీలైను ప్రతి మలుపు దగ్గరా నమూనా కొత్తగా మొదలవుతుంది. సర్వే నుంచొచ్చిన కాంటూరు గీతల్లో మలుపులు వందల్లో ఉంటాయి, ఒక్కో ముక్కలో ఒక్క నమూనా కూడా పట్టదు, మొత్తం నిండుగీత. ఎల్‌టీస్కేల్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం ఉండదు. ఆ గీతకే ఆ గుణం మార్చాలి, అదీ అసలు ఫైల్లోనే.

స్క్రీన్ మీద లేఅవుటులోనూ బాగుండి, ప్లాటులోనే పోతే సీటీబీ ఫైలు తెరవండి. అక్కడ ఏదో ఒక రంగుకి లైన్‌టైపుని ‘ఆబ్జెక్ట్ లైన్‌టైపు’ కాకుండా నిండుగీతగా పెట్టేసి ఉండొచ్చు. లేదా పెన్ను మందం ఎక్కువై, గీతల చివరలు గుండ్రంగా సాగి ఖాళీలు పూడిపోతూండొచ్చు. గ్యాస్ లైనులా మధ్యలో అక్షరాలుండే గీతల్లో అక్షరాలు మాయమైతే ఎస్‌హెచ్‌ఎక్స్ ఫైలు అందట్లేదేమో చూడండి. అంతే సంగతులు.

ఇదంతా మహా అయితే ఓ పావుగంట పని. మరి జనం ఇది కాకుండా ఏం చేస్తున్నారు? నేను చూసినవి చెప్తాను.

ఎక్స్‌రెఫ్‌ని బైండ్ చేసి, ఎక్స్‌ప్లోడ్ చేసి, గీతల్ని తమకి కావలసినట్టు దిద్దుకోవడం ఒకటి. ఆ క్షణానికి షీటు అందంగా వస్తుంది. కానీ ఆర్కిటెక్టుతో బంధం తెగిపోయింది. రేపు అతను గోడ జరిపితే ఇక్కడ జరగదు. గీత రూపం కోసం గోడ చోటుని పణంగా పెట్టడం అన్నమాట. పైగా బైండ్‌లో ‘ఇన్సర్ట్’ పద్ధతి ఎంచుకుంటే, ఒకే పేరున్న లైన్‌టైపుల్లో మన నమూనాయే మిగులుతుంది, అతనిది చడీచప్పుడు లేకుండా పోతుంది. రెండోది, మూడొందల గీతల్ని ఎంచుకుని ఒక్కొక్కదానికీ సొంత స్కేలు తగిలించడం. మూడోది నమ్మలేరు: లైన్‌టైపు జోలికే పోకుండా చిన్నచిన్న నిండుగీతల్ని పక్కపక్కన పేర్చి డాష్ గీతలా కనపడేట్టు చెయ్యడం. మొదటి సంవత్సరం డ్రాఫ్టరు బల్ల దగ్గరికి వెనక్కి వెళ్ళిపోయినట్టే!

అయితే ఈ పనులు చేసేవాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు. వాళ్ళ వైపు నుంచి చూడండి. అమెరికాలో తెల్లారేసరికి సెట్టు మొత్తం వెళ్ళాలి. క్లయింటు ఇచ్చిన ఎక్స్‌రెఫ్ ఫైల్లో చెయ్యి పెట్టకూడదని నియమం, అది సరైన నియమమే. తప్పు ఆ ఫైల్లోనే ఉంది. అక్కడివాళ్ళకి రాస్తే జవాబు రేపటికి గానీ రాదు. ఇక్కడ లెక్కపెట్టేది రోజుకి ఎన్ని షీట్లు చేశాడని, ఎన్ని తప్పులు అడిగి తెలుసుకున్నాడని కాదు. అలాంటప్పుడు డిప్లొమా చేసి కొత్తగా చేరిన కుర్రాడు ఏం చేస్తాడు? బైండ్ చేస్తాడు, పేలుస్తాడు, గీస్తాడు, పంపిస్తాడు. రేపు సైటులో ఏదైనా తేడా వస్తే మాట పడేదీ వాడే. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ పిడికెడు కాదు, బస్తా మొత్తం చివరివాడి నెత్తినే.

ఇలాంటిదే నాకూ ఒక వాదన నడిచింది. షీట్లు ప్లాట్ చేసేముందు ఈ సెట్టింగులన్నీ చదివి, ఏ ఫైల్లో ఏది మిగతావాటితో పొసగడం లేదో జాబితా ఇచ్చే చిన్న ప్రోగ్రాము రాశాను. ఒక మేనేజరుగారు చూసి మెచ్చుకుని, “చెప్పడం దేనికి, దిద్దేసే బటన్ కూడా పెట్టెయ్యవయ్యా” అన్నారు. పెట్టనన్నాను. ఆయనకి చెప్పిన కారణమే మీకూ చెప్తాను. ఎల్‌టీస్కేల్ 100 తప్పా? పీఎస్‌ఎల్‌టీస్కేల్ 0 ఉన్న పాత డ్రాయింగులో అది ఒప్పు. ఆ గీత నిజంగా డాష్ గీతే కావాలా? ఆ గోడని ఉంచాలని నిన్ననే నిర్ణయం మారి, కావాలనే నిండుగీత చేశారేమో? ప్రోగ్రాముకి తెలిసేది అంకె మాత్రమే, ఉద్దేశం ఫైలు సొంతదారుకే తెలుసు. ఉద్దేశం తెలియకుండా దిద్దే బటన్ అంటే, తప్పుల్ని కనపడకుండా చేసే బటన్. పైగా మన దగ్గర దిద్దిన కాపీ మన దగ్గరే ఉంటుంది, అక్కడ అసలు ఫైలు అలాగే ఉంటుంది. వచ్చేవారం కొత్త కాపీ వస్తుంది, తప్పు మళ్ళీ వస్తుంది. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. “నువ్వు చెప్పింది కరెక్టే, కానీ ఈ రాత్రికి నాకు షీట్లు కావాలి” అన్నారు. ఆ మాటకి నా దగ్గర నిజంగా జవాబు లేదు. ఎందుకంటే జవాబు ఆ రాత్రి ఇవ్వాల్సింది కాదు, ప్రాజెక్టు మొదటిరోజు ఇవ్వాల్సింది.

ఆ మొదటిరోజు చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదండీ. ఒక పేజీ కాగితం. కొలతలు ఏవి, లైన్‌టైపులు ఏ లిన్ ఫైలు నుంచి, ఎల్‌టీస్కేల్ 1, సీఈఎల్‌టీస్కేల్ 1, అన్ని లేఅవుట్లలో పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1, మోడల్లో చూసుకోవడానికి ఎంఎస్‌ఎల్‌టీస్కేల్ 1, గీతలన్నీ బైలేయరు, పాలీలైన్లకి ప్లైన్‌జెన్ 1, విజ్‌రిటైన్ ఎంతో, సీటీబీ ఏదో. దాని కింద అన్ని సంస్థలవాళ్ళ సంతకాలు. ఇంకో ముఖ్యమైన వాక్యం: గీత పాడైతే దిద్దాల్సింది ఆ ఫైలు సొంతదారు, కనిపెట్టినవాడు చెప్తే చాలు, ఆ ఆలస్యం కనిపెట్టినవాడి ఖాతాలో పడదు. ఈ ఒక్క వాక్యం రాసుంటే బైండు చేసి పేల్చే అవసరమే సగం తగ్గుతుంది.

దానికి తోడు నాదొక ప్రతిపాదన. ప్రోగ్రాముల్లో చిన్న పరీక్షలు రాసుకున్నట్టే, ప్రతి ఫైల్లోనూ మోడల్లో ఒక మూల, వాడే లైన్‌టైపులన్నిటితో తలా ఒక పరీక్ష గీత గీసి ఉంచాలి. దానికో లేయరు. ఆ మూలని చూపించే వ్యూపోర్టుతో ఒక పరీక్ష షీటు. ఎక్స్‌రెఫ్‌లన్నీ కలిశాక ఆ ఒక్క షీటు ప్లాట్ చేస్తే ఎవరి గీతలు తెగాయో, ఎవరివి అతుక్కున్నాయో కంటికే తెలిసిపోతుంది. స్కేలుతో కొలవచ్చు కూడా. ప్లైన్‌జెన్ లాంటి ఒక్కో గీత జబ్బుల్ని ఇది పట్టుకోదు, నిజమే. కానీ సెట్టు మొత్తాన్ని పాడుచేసే పెద్ద జబ్బుల్ని పట్టేస్తుంది.

“ఇప్పుడందరూ రెవిట్, బిమ్ అంటున్నారు కదా, ఇంకా ఈ పాత గోలేంటి?” అనేవాళ్ళుంటారు. రెవిట్‌లో గీత నమూనాని అచ్చయ్యే కొలతలోనే చెప్తారు, వ్యూ స్కేలు మారినా గీత మారదు. మంచి నిర్ణయం. మరి ఆటోకాడ్‌వాళ్ళు కూడా పాత మీటలన్నీ పీకేసి అలా చెయ్యొచ్చుగా? చెయ్యలేరు, చెయ్యకూడదు కూడా. ఇరవై ఏళ్ళ కిందటి డ్రాయింగుని ఈ రోజు తెరిస్తే అప్పుడు అచ్చయినట్టే అచ్చవ్వాలి. భవనం అక్కడ నిలబడే ఉంది కదా! అందుకే 2007లో వచ్చిన ఆటోకాడ్ 2008లో ఎంఎస్‌ఎల్‌టీస్కేల్ చేర్చినప్పుడు కూడా పాతవాటిని తీసెయ్యకుండా పక్కన ఇంకో మీట పెట్టారు. మీటలు ఎక్కువైపోయాయని నేనూ విసుక్కుంటాను గానీ, సాఫ్ట్‌వేరువాడిగా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టను. పైగా రెవిట్ వాడే ఆఫీసులు కూడా సర్వేవాళ్ళ దగ్గర్నుంచి, పాత భవనాలవాళ్ళ దగ్గర్నుంచి డీడబ్ల్యూజీ ఫైళ్ళే తెచ్చుకుంటాయి. ఫైళ్ళు చేతులు మారినంత కాలం ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందన్న ప్రశ్న ఉంటుంది.

నిజానికి ఈ టపా గీతల గురించే అయినా, మన సాఫ్ట్‌వేరు పనిలోనూ ఇదే చూస్తుంటాను. వేరేవాళ్ళ లైబ్రరీలో తప్పుంటే వాళ్ళకి చెప్పకుండా, మన దగ్గర కాపీ చేసుకుని, అతుకేసుకుని, మర్చిపోవడం. రెండేళ్ళ తర్వాత అదే అతుకు ఎవరి కొంపో ముంచుతుంది. అక్కడ మహా అయితే సర్వరు పడుకుంటుంది, లేపుతాం. ఇక్కడ పడేది గోడ.

క్యాడ్‌లో పనిచేసేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక్క ప్రశ్న. మీ ఆఫీసులో క్లయింటు ఫైల్లో తప్పు కనిపెట్టి, రాత్రి షీటు ఆపి, అడిగి తెలుసుకున్నవాడికి శభాష్ అంటారా, లేక ఆ రోజు షీట్ల లెక్కలో కోత పెడతారా? రెండోదైతే మీ ఎల్‌టీస్కేల్ ఎంతని నేను అడగను. అది ఎంతున్నా ఒకటే.